గుడి తేలిన ఎండాకాలం

"పెద్దమ్మా, చెప్పులు ఏస్కో. గుడి ఇంక దూరమున్నది, దారంత ముండ్లే," అన్నాడు పడవ నడిపే ఐలేశం.

ఈదమ్మ వింటేనా! పాత బజారు మొదలయ్యే చోట చెప్పులు విడిచి చేత పట్టుకుంది. "గీడికెళ్లి ఏస్కోవద్దు," అంది, అంతే.

ఎంత భక్తి అనుకుని మనుమరాలు శ్రీదేవి మురిసిపోయింది. హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ పిల్ల, మొదటి సెలవుకే అవ్వను ఇక్కడికి తీసుకొచ్చింది. తీసుకురాక తప్పుతుందా మరి! ఊహ తెలిసినప్పటి నుంచి అవ్వ నోట నందిరేవు మాటే. కృష్ణ ఒడ్డున ఉండి, డ్యాం నీళ్లలో మునిగిపోయిన ఊరు అది. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే కొన్నాళ్లు పైకి తేలుతుంది. కన్నుమూసేలోగా ఆ గుడిని కళ్లారా చూడాలని ఈదమ్మ కోరిక. మిగిలిన కోరిక అదొక్కటే.

"జర జల్దీ నడువుండ్రి," ఐలేశం తొందరపెట్టాడు. "మీదికెళ్లి నీళ్లు ఇడిసిండ్రట. రేపటికల్లా మళ్ల మునుగుతది."

నడుస్తూనే అన్నీ వేలు పెట్టి చూపించాడు. అది కోట గోడ. ఇది రేవు, శ్రీశైలం పోయే యాత్రికులు ఇక్కడే పుట్టి ఎక్కేవారు. ఆ మూల తేరు తిరిగే మలుపు.

"గాడ కాదు కొడుకా, గా దిబ్బ కాడ తిరుగుతుండె," అంది ఈదమ్మ. "మా వాడకెళ్లి మంచిగ అగుపిస్తుండె. గుడి గంట కొడితే మా ఇంట్లకు ఇనపడేది. గా గంట ఇనుకుంటనే పెరిగిన."

"చూడు, ఊరి మనిషికే ఊరు చూపిస్తున్న!" ఐలేశం నవ్వాడు.

గుడి వచ్చింది. విగ్రహాన్ని ఎప్పుడో కొత్త ఊరికి తరలించారు, రాతి కట్టడం మాత్రం మిగిలింది. గడప దగ్గర ఈదమ్మ ఆగిపోయింది.

"నేను పోవచ్చునా?"

"గిదేం ముచ్చట పెద్దమ్మా! టికెట్ లేదు, తాళం లేదు. పో."

మనుమరాలి చెయ్యి పట్టుకుని గడప దాటింది. ఒక్కో స్తంభాన్నీ తడుముతూ వెళ్లి, గర్భగుడి ముందు ఆ బురదలోనే కూలబడి ఏడ్చింది. ఇన్నేళ్లు దాచుకున్న బెంగంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"దేవుడు ఏ దిక్కు మొఖాన ఉంటుండె పెద్దమ్మా? వచ్చినోళ్లందరు నన్ను అడుగుతరు," అన్నాడు ఐలేశం.

ఈదమ్మ ఖాళీ గర్భగుడిలోకి తొంగి చూసింది.

"యాదికి లేదేమో అన్నా. పెద్దమనిషి గదా," అని శ్రీదేవి వెనకేసుకొచ్చింది.

ఐలేశం నీళ్లు చూసి వస్తానని బయటికి వెళ్లాడు. శ్రీదేవి అవ్వ పక్కనే కూర్చుని, కొంగుతో ఆమె కళ్లు తుడిచింది.

"నీ చిన్నప్పుడు గీ లోపల ఎట్లుండె అవ్వా? దీపాలు, పూలు... జర చెప్పవూ."

ఈదమ్మ తల ఎత్తి పైకప్పు వంక చూసింది.

"ఊరు మునగకముందు మమ్ముల లోపలికి రానియ్యలే, బిడ్డా."