పునాది లేని ఇల్లు

"ఎవురు నువ్వు? నా ఇంటి కింద తల పెట్టి ఏం చూస్తాండావు?"

సయీదా అరిచిన అరుపుకు జామచెట్టు మీది చిలకలన్నీ లేచిపోయాయి.

ఎవరో ముసలాయన. నేల మీద బోర్లా పడుకుని, ఆమె దుంగల ఇంటి కింద తల దూర్చి ఉన్నాడు. మెల్లగా లేచి మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు.

"ఏంలేదమ్మా, చూసిపోదామని వచ్చినా."

"చూసిపోయేదానికి ఇదేమన్నా ఎగ్జిబిషనా?"

ఆ నెలంతా పెనుకొండ ఊరు సగం అట్లే వచ్చి చూసిపోయింది మరి. రాళ్లతో కట్టిన ఇల్లు చూశారు, ఇటుకలతో కట్టింది చూశారు. దుంగ మీద దుంగ పేర్చిన ఇల్లు ఈ పక్క ఎవరు చూశారు?

అసలు సంగతి ఆ ఇల్లున్న తోట. తండ్రి కన్నుమూసిన నలభయ్యో రోజు దాటగానే అన్న నౌషాద్ సయీదాను ఇంట్లోంచి పంపేశాడు. ఆడపిల్లకు తోటలో భాగమేంది పొమ్మన్నాడు. పెళ్లి కూడా వద్దనుకుని తండ్రిని చివరిదాకా చూసుకున్న పిల్ల ఆమె.

"నాయన తోటలో నాకూ భాగముండాది" అని సయీదా కోర్టుకెక్కింది.

తీర్పు వచ్చేదాకా తోటలో ఎవరూ ఏ కట్టడమూ కట్టకూడదని కోర్టు స్టే ఇచ్చింది. నౌషాద్ కాలు మీద కాలేసుకున్నాడు. తల దాచుకోను చోటు లేనిది ఎన్నాళ్లని కొట్లాడుతుందిలే, అది కేసు వదిలేస్తే తోటలో అంగళ్లు లేపొచ్చు అనుకున్నాడు.

సయీదా ఊరుకునే రకమా!

బెంగళూరు రోడ్డులో ఓ హోటలు మూతపడి, దాని తోటలో సొగసు కోసం పెట్టిన దుంగల గది అమ్మకానికొచ్చింది. చేతి గాజులు అమ్మి కొనేసింది. దుంగదుంగకూ నంబరు వేయించి విప్పించింది. ట్రాక్టర్లో తెచ్చి, తోటలో పన్నెండు బండరాళ్లు పరిచి వాటి మీద మళ్లీ పేర్పించింది. గుంత తవ్వలేదు. సిమెంటు ముట్టలేదు.

"ఇది కట్టడం కాదు, సామాను. మంచం ఏసుకున్నట్ల ఏసుకున్నా. ఏం చేసుకుంటావో చేసుకోపో!" అని అన్న మొహానే చెప్పింది.

వాడు మాత్రం తక్కువ తిన్నాడా? స్టే ఉండగా నా చెల్లెలు పునాది వేసి ఇల్లు కట్టింది, పెరికేయించండి అని అర్జీ పెట్టాడు. విచారణ ఇంక నాలుగు రోజులే. ఓడితే సయీదాకు ఇల్లూ పోతుంది, తోటలో కాలు పెట్టే దారీ పోతుంది.

అట్లాంటప్పుడు ఇంటి కింద దూరినవాణ్ణి ఎవరు నమ్ముతారు?

ముసలాయన చేతిలో ఇనప చువ్వ ఉంది. ఒక్కో బండరాయి పక్కన గుచ్చి, ఏటవాలుగా కిందికి పోనిచ్చి చూస్తున్నాడు.

సయీదా చేతిలో పాత ఇంజనాయిల్ డబ్బా, బ్రష్షు ఉన్నాయి. చెదలు పట్టకుండా దుంగలకు పూస్తోంది.

"ఏయ్! రాళ్లు కదిలిస్తాండావా? నౌషాద్ పంపినాడా నిన్ను?"

ఆయన చువ్వ పైకి లాగి మట్టి తుడిచాడు.

"ఆయనే పంపినాడు తల్లీ."

"ఎంత ధైర్యమయ్యా నీకు, నా మొహానే చెప్తాండావే!"

"అడిగితివి గదా." ఆయన పన్నెండో రాయి కూడా చూసుకుని నడుం నిటారు చేశాడు. "దుంగల కొసలకు బాగా తాపల్ల నూనె. చెదలు ఆడ్నుంచే ఎక్కుతాయి."

"నా ఇల్లు, నా చెదలు. నీకెందుకు?"

"రవ్వంత నీళ్లుంటే ఇస్తావా తల్లీ?"

"పంపినోడి ఇంటికి పోయి తాగు!"

ఆయన ఎండలో నడిచి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు కోర్టులో నౌషాద్ వెనక బెంచీలో కూర్చున్నాడు అదే ముసలాయన.

"అనుకుంటి! అనుకుంటినే!" అని సయీదా లేవబోయింది. ఆమె వకీలు ఈశ్వరప్ప చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"మేస్త్రీ ఉలిగప్ప" అని పిలిచారు. ముసలాయన లేచి బోనెక్కాడు, నౌషాద్ తరపు సాక్షిగా.

నౌషాద్ వకీలు దర్జాగా అడిగాడు. "పోయి పునాది చూసినావు గదా?"

"పోయినా సార్. పునాది లేదు."

వకీలు చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేశాడు.

"సరిగ్గా చూసినావా?"

"పన్నెండు రాళ్ల కిందా చువ్వ పెట్టి చూసినా సార్. అన్నీ మట్టి మీద పరిచిన రాళ్లే. నలభై ఏండ్లుగా పునాదులు తవ్వుతాండా, ఆ మాత్రం తెలీదా నాకు?"

నౌషాద్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అర్జీ కొట్టేశారు.

సయీదా పరుగున బయటికొచ్చింది. ఉలిగప్ప అప్పటికే బస్సెక్కి వెళ్లిపోయాడు. సరేలే, తర్వాత కనుక్కుందామనుకుంది. ఆ తర్వాత అన్నది మూడు నెలలకు గానీ రాలేదు.

మేస్త్రీది ఏ ఊరో ఈశ్వరప్పను అడిగి, బుట్టెడు జామపండ్లతో బుక్కపట్నం పోయింది. వాకిట్లో ఉలిగప్ప భార్య కుళ్ళాయమ్మ శెనక్కాయలు ఒలుస్తోంది. సయీదా తనెవరో చెప్పుకుంది.

"మేస్త్రీ లేడా అవ్వా?"

"బెంగుళూరు పాయె, కూలికి. ఈడ మీ అన్నకు బయపడి ఎవురూ పనికి పిలవరు."

"ఈ వయసులోనా? నా వల్లనే గదా. ఆయప్పకు నీళ్లు కూడా ఇయ్యకపోతి అవ్వా." సయీదా జామపండ్ల బుట్ట కింద పెట్టింది. "అయినా నిజం చెప్తే పని పోతాదని ఆయప్పకు తెలీదా?"

కుళ్ళాయమ్మ చేటలోంచి తలెత్తలేదు.

"తెలీకేం? నీ ఇల్లు ఆడ్నుంచి లేచిపోయింటే, ఆ తోటలో మీ అన్నకు ఎనిమిది అంగళ్లు కట్టే పని ఈయనదే గదమ్మా."