దుస్తులు: సఫియా

"కొంచెం పక్కకు జరుగే, కనపడల్ల," అంది మాబున్నీ.

ఆరిఫా జరిగింది. జరిగినా లాభం లేకపోయింది. సీరియల్ అయిపోయి పేర్లు మొదలవగానే బొమ్మ చిన్నదైపోయింది. పేర్లన్నీ టీవీ అడుగున బెత్తెడు పట్టీలోకి దిగి, చీమల్లా పరుగెత్తాయి. పైన మాత్రం ఎవరో ఒకాయన రేపటి పాటల పోటీ తప్పక చూడమని గొంతు చించుకుంటున్నాడు.

"చదివినావా?"

"యాడ చదివేదిమా? దుస్తులు అనేంతవరకూ వచ్చినా. ఆ లోపలే పాయ."

"నిన్నా అదే చెప్తివి."

"రోజూ అదే వేస్తాండారు కదా."

మాబున్నీకి చదువు రాదు. సఫియా అనే మూడక్షరాలు మాత్రం చిన్నకూతురు ఆరిఫా రాసి చూపిస్తే ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకుంది. సఫియా ఆమె పెద్దకూతురు. నాన్న నబీసాబ్ కుట్టుమిషన్ పక్కన కూర్చుని పదేళ్లప్పుడే కాజాలు కుట్టిన పిల్ల. రెండేళ్ల కిందట హైదరాబాదులో సీరియళ్లకు బట్టలు కుట్టే పని దొరికిందంది. నబీసాబ్ వద్దన్నాడు. వినలేదు. పొద్దున్నే ధర్మవరం పోయి రైలెక్కేసింది.

ఆ రోజు నబీసాబ్ అన్నం ముందునుంచి లేచిపోయాడు. "ఈ ఇంట్లో ఇంకెవురూ ఆ పేరెత్తగూడదు," అన్నాడు. ఎవరూ ఎత్తలేదు. సఫియా రాసిన ఉత్తరాలను పెనుకొండ బజారులోని తన కొట్టు దగ్గరే ఆపి, విప్పకుండా పోస్టుమాన్‌కు తిప్పి ఇచ్చేవాడు. నాలుగు వచ్చాయి. ఆ తర్వాత రాలేదు.

అట్లాంటి ఇంట్లో ఒక సాయంత్రం టీవీలో ఆ పేరు కనిపించింది. అప్పటినుంచి ఏడు గంటలకు తల్లీకూతుళ్లు టీవీ ముందు కూర్చునేవాళ్లు. కథ ఎట్లా పోయినా వాళ్లకు పట్టలేదు. చివర్లో దుస్తులు సఫియా అని కనపడితే పిల్ల బాగుంది, పని చేసుకుంటోంది. అంతే. ఎనిమిదింటికి నబీసాబ్ కొట్టు కట్టేసి వచ్చేసరికి టీవీ ఆపేసి ఉండేది.

ఇప్పుడు ఇరవై రోజులుగా ఆ పేరు కనపడడం లేదు.

"పని మానేసిందేమో. ఒళ్లు బాగలేదేమో," అంటూ మాబున్నీ కూర్చున్న చోట కూర్చోలేకపోయేది. పొయ్యి మీద చారు పొంగిపోయేది. కేబుల్ సాదిక్ డబ్బులకు వస్తే గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏమప్పా సాదిక్, ఆ పాటల పోటీ బొమ్మ కొంచెంసేపు తీసేయకూడదా?"

"అది నా చేతిలో యాడుండాది పెద్దమ్మా. హైదరాబాదులోనే అట్ల వేసి పంపుతారు. పేర్లు ఎవురు చూస్తారని వాళ్ల ధైర్యం. బజారులో మీ కొట్టు పక్కన టీ అంగడి టీవీ కాడ గూడా తిడ్తాండారు, హైదరాబాదులో వాళ్లకు వినపడల్ల కదా."

హిందూపురంలో చెల్లెలింట్లో పెద్ద టీవీ కొన్నారని తెలిసి, చెల్లెలికి జ్వరమని భర్తకు చెప్పి, ఆరిఫాను వెంటబెట్టుకుని బస్సెక్కింది. పెద్ద టీవీలో పాటల పోటీ పెద్దగా కనపడింది. పేర్లు అక్కడా చీమలే. ఆరిఫా ముక్కు అద్దానికి ఆనించి చూసినా ఒక్క అక్షరం నిలవలేదు.

తిరుగు బస్సులో ఆరిఫా అంది. "చానల్‌కు నేనొక కార్డు రాస్తానుమా. శుక్రవారం ఉత్తరాలు చదివే ప్రోగ్రాం ఉండాది."

"వద్దు."

"ఏమవుతాది?"

"మీ నాయన కంట పడితే ఏమవుతాదో నీకు తెలీదా? ఇన్నాళ్లూ ఆ పేరు దొంగతనంగా చూస్తాండామని తెలిస్తే టీవీ తీసి వీధిలో పడేస్తాడు. ఆ బెత్తెడు పట్టీ కూడా లేకుండా పోతాది. రాయనని నా మీద ఒట్టెయ్."

ఆరిఫా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఒట్టు మాత్రం వేయలేదు.

పదిహేను రోజులు గడిచాయి. ఆ శుక్రవారం నబీసాబ్ నమాజు చేసుకుని వచ్చి అన్నానికి కూర్చున్నాడు. టీవీలో ఉత్తరాల ప్రోగ్రాం వస్తోంది. మాబున్నీ పప్పు వడ్డిస్తోంది.

"తరువాతి ఉత్తరం అనంతపురం జిల్లా, పెనుకొండ నుంచి," అంది టీవీలో అమ్మాయి.

మాబున్నీ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆరిఫా వైపు చూసింది. ఆరిఫా ముఖం పాలిపోయింది.

"అయ్యా, మీ ఏడు గంటల సీరియల్ చివర పేర్లు వేస్తారు. వాటిని కప్పేసి ప్రకటనలు వేస్తున్నారు. ఇది మీకు ఆరో ఉత్తరం."

ఆరు రాసిందా ఈ పిల్ల, అనుకుంది మాబున్నీ. టీవీ ఆపేద్దామని లేచింది.

"ఉండనీ," అన్నాడు నబీసాబ్, కంచం మీదనుంచి తల ఎత్తకుండా.

ఆమె ఉన్నచోటే నిలబడిపోయింది.

"ఆ పేర్లలో మా ఇంటి మనిషి పేరుంది. ఆ మనిషితో మాకు మాటలు లేవు. పేరు కనపడితే ఆ రోజుకు బాగున్నట్టు లెక్క. కనపడని రోజు ముద్ద దిగదు. పేరు పెద్దది చేయమని అడగడం లేదు. కప్పకుండా ఉంటే చాలు."

సోమవారం నుంచి పేర్లు పూర్తిగా చూపిస్తామని టీవీలో అమ్మాయి చానల్ తరఫున మాట ఇచ్చింది. మాబున్నీకి ఆ మాట చెవికెక్కలేదు. రాసినవాళ్ల పేరు ఇప్పుడు చదువుతారు. ఆయన వింటాడు. ఆమె గబగబా వెళ్లి ఆరిఫాకూ నబీసాబ్‌కూ మధ్య అడ్డంగా నిలుచుంది, దెబ్బ పడితే తన మీదే పడాలని.

టీవీలో అమ్మాయి కార్డు చివర్న ఉన్న పేరు చదివింది.

"ఇట్లు, టైలర్ నబీసాబ్."