పాత తుపాకీకి తేలిక తూటా

అరుణశ్రీకి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తన మాట నమ్మి తూటా వేసుకున్నవాళ్ళ చేతిలో పాత తుపాకీ గొట్టం చీలిపోవడం.

“మీ అంకుల్ మళ్ళీ రాశాడు,” అన్నాడు జనార్దన్, కంప్యూటర్ ముందు నుంచి లేస్తూ. “మే డే అయినా నీకు సెలవు లేదు. ఆఫీసులో నాక్కూడా ఇన్ని మెయిళ్ళు రావు.”

“మీకొచ్చేవి మీటింగుకి రమ్మని. నాకొచ్చేవి చేతులూ కళ్ళూ పోయే సంగతులు.”

పదకొండో అంతస్తు కిటికీ గడియ ఇంకోసారి లాగి చూసి, మూడేళ్ళ ప్రణవిని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. దేశం దాటి బుకిట్ బటోక్‌లో ఈ ఫ్లాట్‌కి వచ్చినప్పటి నుంచీ అంతే. పిల్ల తుమ్మితే భయం, లిఫ్టు మధ్యలో ఆగితే భయం. తూటాల దగ్గర మాత్రం తడుముకోదు. విజయనగరంలో వాళ్ళ నాన్న రాజారావుది తుపాకుల షాపు. ఆయనకి చూపు మందగించాక ఎనిమిదో తరగతిలోనే ఆమెని బడి మాన్పించి కౌంటర్లో కూర్చోబెట్టారు. పెళ్ళయ్యేదాకా లైసెన్సు పుస్తకాలు చూసి తూటాలు అమ్మింది.

ఇప్పుడు దేశదేశాల తెలుగువాళ్ళు కలిసి నడుపుకునే మెయిల్ గ్రూపు ఒకటుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునే నాలుగొందల మంది. వాళ్ళలో వేట సరదా ఉన్న పదిమందికీ ఆమె ‘తుపాకీ అక్కయ్య’.

ఇప్పుడు రాసిన అంకుల్, కృష్ణప్రసాద్ గారు, న్యూజిలాండ్‌లో, హామిల్టన్ దగ్గర ఉంటారు. ఆయనకి పొలం అమ్మిన దొర తన పాత జంట గొట్టాల తుపాకీ కూడా అమ్మేశాడట. వచ్చే శనివారం నుంచి అక్కడ పూరేడు పిట్టల వేట మొదలు. ఏ తూటా వెయ్యాలి అని వారం నుంచి అడుగుతున్నారు.

‘అమ్మాయ్, నువ్వు చెప్పినట్టే గొట్టాల అడుగున చూశాను. రెండున్నర అంగుళాలని కొట్టి ఉంది. ఊళ్ళో షాపులో అన్నీ రెండుముప్పావువే. లోపలికి దూరుతున్నాయి. వేసెయ్యొచ్చా?’

“దూరింది కదా అని వేసే చాలామంది చేతులు పోగొట్టుకున్నారు,” అంటూ రెండు వేళ్ళతో టైపు చెయ్యడం మొదలెట్టింది. “పేలినప్పుడు తూటా మూతి విచ్చుకుని ముందుకి సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే ఆ విసురంతా గొట్టం మీదే.”

“పావంగుళానికి ఇంత రాద్ధాంతమా?”

“ప్రోగ్రాంలో ఒక్క చుక్క తక్కువైందని మొన్న మూడు రోజులు తల పట్టుక్కూర్చున్నది ఎవరో?”

జనార్దన్ టీ కప్పు అందుకున్నాడు.

జవాబు వెంటనే వచ్చింది. ‘సరే, అవి ముట్టుకోను. తుపాకులు బాగుచేసే ఆయన చూసి గొట్టాలు బాగున్నాయన్నాడు. నేను జన్మలో పేల్చి ఎరగను. అన్నిటికన్నా తేలికది చెప్పు. పేలినప్పుడు భుజాన్ని గట్టిగా తన్నకూడదు. తుపాకీ పాడవకూడదు, తర్వాత ఎవరైనా వాడుకుంటారు.’

“చూశారా, ఎంత బుద్ధిమంతుడో. మీ ఫ్రెండ్ బాబ్జీ ఉన్నాడు, దున్నపోతుని కొట్టే తూటా పిచ్చుకకి అడిగాడు.”

“కుక్క ఉందేమో అడుగు,” అన్నాడు జనార్దన్. వినీ వినీ అతనికీ కాస్త వంటబట్టింది. “పూరేళ్ళు గడ్డిలో నక్కుతాయన్నావుగా. లేపాలి కదా.”

అడిగింది.

‘ఉండేది. నిన్ననే పక్కింటి వాళ్ళకి ఇచ్చేశాను. వాళ్ళ పిల్లలతో బాగుంది. మా ఆవిడ మంగతాయారు పెంచిన కుక్క, దానికి వేటేం తెలుసు?’

“ఆంటీ పెంచిందంటే రోజూ పెరుగన్నమే. పిట్ట కనిపిస్తే దానిక్కూడా రెండు ముద్దలు పెట్టమంటుంది,” అని నవ్వాడు జనార్దన్.

“పోనీలెండి. మెల్లిగా నడుస్తూ పోతే అడుగుల చప్పుడుకి అవే లేస్తాయి.”

“అమ్మా, హంగ్రీ లా,” అంది ప్రణవి ఇక్కడి పిల్లల యాసలో, ఆమె చెంప తన వైపుకి తిప్పుకుంటూ.

“ఒక్క నిమిషం బంగారం. ఇది పూర్తయితే ఇడ్లీ.”

ఇంక సందేహం లేకుండా రాసింది. రెండున్నర అంగుళాల తూటాలే అడగండి. మీ ఊళ్ళో లేకపోతే పెద్ద షాపు నుంచి తెప్పించుకోండి. లోపల మందుగుండు తక్కువది, సీసం గుళ్ళు సన్నవి, వాటి బరువు ఔన్సు లోపు. పూరేడుకి అంతకన్నా అక్కర్లేదు, మీ భుజానికీ హాయి. పెట్టెకి ఇరవై అయిదు వస్తాయి, రెండు పెట్టెలు తీసుకోండి. ముందు ఖాళీ డబ్బా మీద పది పేల్చి చెయ్యి అలవాటు చేసుకోండి.

పంపించి, వెనక్కి వాలి, చేతులు దులుపుకుంది.

“ఈయన చెయ్యి భద్రం,” అంది. “నాన్న ఉంటే, ఇంతకన్నా బాగా నేనూ చెప్పలేనే అనేవాడు.”

ఇడ్లీలు వడ్డించి వచ్చేసరికి జవాబు ఉంది. జనార్దన్ పైకి చదివాడు.

‘రెండు పెట్టెలెందుకు అమ్మాయ్. నాకు ఒక్క తూటా చాలు. విడిగా ఇస్తారేమో అడుగుతాను. నీ మేలు మర్చిపోను. పిల్లని జాగ్రత్తగా చూసుకో.’

“అబ్బ, ఏం పిసినారి,” అని పడీపడీ నవ్వాడు. “మొదటిసారి పేల్చే మనిషి, ఒక్క తూటాతో ఎన్ని పిట్టల్ని కొడతాడో.”

అరుణశ్రీ నవ్వలేదు. ప్లేటు కింద పెట్టింది.

“ఆయన ఫోన్ నంబరుందా?”

“మెయిలే కదా మనకి తెలిసింది. ఏం, ఇంకేమైనా చెప్పడం మర్చిపోయావా?”

“కుక్కని కూడా ఇచ్చేసిన మనిషికి ఆ ఒక్క తూటా పిట్టల కోసం కాదండీ,” అంటూ ఆమె అతన్ని పక్కకి జరిపి, గ్రూపు తెరిచి, నాలుగొందల మందికీ ఒకే వాక్యం రాసింది.

‘హామిల్టన్ దగ్గర ఎవరున్నా, ఇప్పుడే కృష్ణప్రసాద్ గారింటికి వెళ్ళి ఆయన్ని చూడండి.’