తోమని సిరాబుడ్డి

తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద కంచు సిరాబుడ్డి ఒకటి, కుంపట్లోంచి తీసినంత నల్లగా ఉంది.

దాని పక్కనే ఉప్పు, నిమ్మచెక్కలు, పాలిష్ డబ్బా, కొత్త పీచు. టీవీ వాళ్లు దేనికీ లోటు చెయ్యలేదు.

మసిచేతులమ్మ వాటి వంక ఒకసారి చూసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఆ పేరు షావుకారు పెట్టిందే. ఆయన పాత సామాన్ల దుకాణం వెనకగదిలో ఆవిడ ఇరవై రెండేళ్లుగా ఇత్తడీ రాగీ కంచూ తోముతోంది. కొనేవాళ్ల మొహం ఆవిడ చూడకూడదు, ఆవిడ మొహం వాళ్లకి కనబడకూడదు. అదీ అక్కడి పద్ధతి.

ఇవాళ మాత్రం టీవీ ఉన్న ప్రతి ఇల్లూ చూస్తోంది.

‘పాతకు పట్టం’ అనే ఈ ఆటలో ఇద్దరికీ సమానంగా డబ్బిస్తారు. సంతలో చెరొక పాత వస్తువు కొనాలి. గంటసేపట్లో దాన్ని ఎలా కావాలంటే అలా ముస్తాబు చేసుకోవాలి. ఆ తర్వాత వేలం. ఎవరిది ఎక్కువ పలికితే వాళ్లకి ఆ సంతలోనే ఒక కొట్టు, ఏడాదిపాటు అద్దె లేకుండా.

గెలిస్తే షావుకారుకి అది మూడో కొట్టు. ఆవిడకి మొదటిది.

ఆటకి పేరిచ్చుకున్నది షావుకారు. పోటీకి మీ దుకాణం మనిషే ఎవరైనా ఉంటే సరదాగా ఉంటుందని టీవీ వాళ్లంటే, ఆవిడ పేరు చెప్పిందీ ఆయనే. నల్లేరు మీద బండి అనుకున్నాడు మహానుభావుడు.

ఎదురుబల్ల దగ్గర చొక్కా చేతులు మడిచి రాగికూజాని రుద్దుతున్నాడు. అబద్ధమెందుకు, కూజా తళతళలాడిపోతోంది. మెరిస్తేనే జనం చెయ్యేస్తారన్నది ఆయన సిద్ధాంతం.

పదేళ్ల కిందట ఒక్కసారి ఆవిడ నోరు తెరిచింది. ఈ పళ్లెం అడుగున ఏవో సన్నటి గీతలున్నాయండీ, తోమితే పోతాయి అని. తోమే చేతికి వెలలేం తెలుసని ఆయన నవ్వాడు. తోమింది. గీతలు పోయాయి. ఆ పూట ఆవిడకి అన్నం సయించలేదు.

ఈ సిరాబుడ్డి అడుగునా అలాంటి గీతలే తగిలాయి, సంతలో వేళ్లతో తడిమినప్పుడు. కంటికి మాత్రం ఏమీ కనబడదు.

జనంలో కూర్చున్న ఆడపడుచుకి కాలు నిలవడం లేదు. సైగలు చేసి చేసి, ఇక ఉండబట్టలేక లేచింది.

“తోము వదినా, నీకొచ్చిన పని అదొక్కటే కదా!”

అందరూ గొల్లున నవ్వారు. షావుకారైతే కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు.

ఆవిడ చెవులు వేడెక్కాయి. పీచు కనబడితే ఊరుకునే చేతులా అవి? ఓడితే మళ్లీ ఆ వెనకగదే, పైగా ఈ నవ్వు రోజూ వినాలి. భయం వేసింది, బాగా వేసింది.

పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, గుడ్డ మడతపెట్టేసింది. ఇంకా నలభై నిమిషాలుందని యాంకర్ గుర్తు చేసినా, తన పని అయిపోయిందంది.

వేలం ముందు వస్తువుల్ని పరీక్షించే పెద్దాయన కూజాని అటూ ఇటూ తిప్పి, కొత్తది కొనుక్కున్నట్టే ఉందని పక్కన పెట్టాడు. పాటలో దానికి నాలుగు చేతులు లేచాయి, తర్వాత ఆగిపోయాయి.

తర్వాత పెద్దాయన సిరాబుడ్డిని తిరగేసి ఏటవాలుగా టార్చి వేశాడు. కంటికి భూతద్దం ఆనించాడు. ఎంతకీ తలెత్తడే!

చివరికి ఎత్తాడు. నూటయాభై ఏళ్ల నలుపు ఇది, దీని కింద పోతపోసినవాడి గుర్తూ, పోసిన సంవత్సరమూ వెంట్రుకంత సన్నగా చెక్కి ఉన్నాయి, పీచు ఒక్కసారి తగిలినా మిగిలేది కంచుముక్కే అన్నాడు.

“తోమొద్దని మీకెవరు చెప్పారమ్మా?”

“ఎవరూ చెప్పలేదండీ. తోమి తోమి తెలిసింది.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

కూజా పలికిన ధర దగ్గరే పాట మొదలైంది. అక్కడినుంచి దాని మీద రెట్టింపు, ఆ పైన ఇంకా. ఆడపడుచు కుర్చీ ఎక్కి, ఆవిడ మా అన్నయ్య భార్య అని తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ చెప్పేస్తోంది. సుత్తి బల్ల మీద పడ్డాక మసిచేతులమ్మ ఏడ్చింది, దాచుకోకుండా.

షావుకారు కూజా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

నెల తిరిగింది. సంతలో ఆవిడ కొట్టు ముందు ఎప్పుడూ పదిమంది ఉంటున్నారు.

ఒక ఉదయం వాళ్ల వెనకాలే షావుకారు. తన వంతు వచ్చేదాకా ఆగి, మూట విప్పి, నల్లబడ్డ గిన్నె ఒకటి బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించి, దీన్ని తోమించాలా వద్దా అని అడిగాడు.

ఆవిడ గిన్నె తిరగేసి, కళ్లు మూసుకుని, అడుగున వేళ్లతో నెమ్మదిగా తడమసాగింది.

ఆయన నిలబడే ఉన్నాడు.