పది నిమిషాల గాలి

"రేపు రెండింటికి నేనే వచ్చి ఇక్కడ నిలబడతా. అప్పుడు గాని ఈ మోటారు మళ్లా నిలిచిపోయిందా, పంపుహౌసుకు బీగం వేసేస్తా. మీ ఆండర్సన్‌పేటోళ్లు ట్యాంకర్ల ఎనకాల పరిగెత్తుకోండి!" అని జీపెక్కాడు ఇంజనీరు సోమశేఖర్.

ఎలక్ట్రీషియన్ ఎవాంజలిన్ సంచిలోంచి మీటరు బయటికి తీసింది. మూడు వందల ఇళ్లకు ఈ ఒక్క మోటారుతోనే నీళ్లు. దాన్ని నడిపే కంట్రోలు ప్యానెలు ఈ ఊరి బంగారు గని మూసేసినప్పుడు కంపెనీ పారేసి పోయిన ముసలిది. పది రోజులుగా సరిగ్గా మధ్యాహ్నం రెండింటికి దాని దీపాలు ఆరిపోతాయి, మోటారు చస్తుంది. పది నిమిషాలయ్యాక చూస్తే ఏ రోగమూ ఉండదు. కనబడే రోగానికైతే మందు వేయొచ్చు. చెయ్యి పెట్టేలోపు మాయమయ్యే రోగానికి ఏం వేస్తారు?

"వదిలెయ్‌మ్మా. దాని పాటికి అదే వస్తాది. గెలకబాక" అన్నాడు ఆపరేటరు జేవియర్, బెంచీ మీద నుంచి.

"గెలక్కుంటే రేపు మీ ఇంట్లో బిందె ఎట్ల నిండుతాదప్పా? నువ్వు ఏడ్చి నింపుతావా?"

ఆ మధ్యాహ్నం రెండు కావస్తుండగా ముసలాయన లేచాడు. "బీడీ తాగొస్తా" అని బయటికి పోయాడు.

ఎవాంజలిన్ ప్యానెలుకు మీటరు తగిలించి రెప్ప వాల్చకుండా కూర్చుంది. రెండయింది. ముల్లు ఇరవై నాలుగు వోల్టుల నుంచి పదిహేనుకు పడిపోయింది. దీపాలు ఆరాయి. మోటారు చచ్చింది. ఆ నిశ్శబ్దంలో గోడ అవతల నుంచి, సన్నగా, గుయ్యిమని చప్పుడు.

ఎవరో ఈ సప్లయి మీదే ఇంకో యంత్రం బరువు వేస్తున్నారు!

ప్యానెలు వెనక తడిమింది. లెక్కలో లేని వైరొకటి గోడ కంతలోంచి బయటికి పోతోంది. దాన్ని పట్టుకునే వెనక్కి వెళ్లింది. అక్కడ మూసేసిన గనిలోంచి నేల పైకి పొడుచుకొచ్చిన ఇనుప పైపు. దాని నోటికి బిగించిన పాత బ్లోయరు తిరుగుతోంది. దాని మీద చెయ్యి వేసి జేవియర్ నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా ఇది?"

"గాలి."

"ఎవురికి?"

"మా తమ్ముడు డెన్నిస్‌కు. గనిలో బండ కూలి కింద చిక్కుకున్నాడు. పీనుగ కూడా పైకి రాలేదు."

గని కూలీల లైన్ ఇళ్లలో పుట్టిన ప్రతి బిడ్డలాగే ఎవాంజలిన్‌కూ ఆ కట్టుబాటు తెలుసు. కింద చిక్కినవాడు బతికో చచ్చో పైకి వచ్చేదాకా గాలి ఆపకూడదు. కంపెనీ గేటుకు తాళమేసి పోయింది. గాలి మాట ఏ దొరా ఎత్తలేదు. ఆ పని ఈ ముసలాయన నెత్తిన వేసుకున్నాడు.

"ముందు మూడు షిఫ్టులకూ ఇస్తావుంటి. ఇప్పుడు చేతకాదు. రెండో షిఫ్టు దిగే రెండింటికి పది నిమిషాలు. ఇన్నేండ్లూ నీ ప్యానెలు తట్టుకునింది. అదీ నా మాదిరే ముసలిదయిపోయ."

"ఎన్నేండ్లప్పా?"

"ఇరవై రెండు."

"ఇరవై రెండేండ్లు బండ కింద గాలి పీల్చేదెవురు?"

"పీల్చేది వాని పని. ఇచ్చేది నా పని."

"మూడు వందల ఇండ్లుండాయి, అప్పా. పసిబిడ్డలుండారు."

జేవియర్ బ్లోయరు మీది నుంచి చెయ్యి తీసేశాడు. ఆమె వైరు ఊడదీసి చుట్ట చుట్టేదాకా కూడా ఆగలేదు, వెళ్లిపోయాడు.

మర్నాడు సోమశేఖర్ గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. రెండు. రెండుంబావు. రెండున్నర. ముల్లు కదల్లేదు. మోటారు ఏనుగులా నడిచింది.

"ఏం మాయ చేస్తివమ్మా?"

"దొంగ వైరు ఒకటి ఉన్నింది సార్. పీకేసినాను."

"భేష్!" అని బీగం జీపులో పడేసుకుని పోయాడాయన.

జేవియర్ డ్యూటీకి రాలేదు. పోనీ, రెండు రోజులు ఏడ్చి ఆయనే వస్తాడనుకుంది. ఆ పైపులో పిల్లలు రాళ్లు వేయకుండా గోనెపట్ట కుక్కేద్దామని వెనక్కి వెళ్లింది. బ్లోయరు విప్పి పక్కన పెట్టింది. పైపు నోటి మీద అరచెయ్యి ఆనించింది.

కింది నుంచి వెచ్చటి గాలి తగిలింది. పాత గని, ఏదో ఆవిరి వస్తుందిలే అనుకుంది.

అంతలో ఆ గాలి ఆగింది. అరచేతిని లోపలికి గుంజింది. మళ్లీ బయటికి వచ్చింది, మళ్లీ గుంజింది, మొదట నిదానంగా, తర్వాత ఆత్రంగా, ఆ తర్వాత ఎగఊపిరిగా.