వరుస సంఖ్య రెండు

“పేరు చెప్పండమ్మా,” అంది ఆసుపత్రి కౌంటరులోని అమ్మాయి.

అద్దానికి అవతల నిలబడ్డ పెద్దావిడ వెనక్కి తిరిగింది. “చెప్పండర్రా.”

వెనక భర్త, కొడుకు, కోడలు. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

కౌంటరు అమ్మాయి పాత ఫైలు తిరగేసింది. కొత్త ఆరోగ్య చట్టం రాకముందు ఇంటికి ఒక్కటే కార్డు, అదీ యజమాని పేరు మీద. అందులో ‘వరుస సంఖ్య రెండు: భార్య’ అని మాత్రమే ఉంది. మూడు కాన్పులు, ఒక టైఫాయిడు, ఒకసారి చెయ్యి విరగడం, పోయిన నెల రొమ్ములో బయటపడ్డ గడ్డ, అన్నీ ఆ ‘భార్య’కే జరిగాయి.

“ఇప్పుడూ అలాగే రాసెయ్యండి మేడం,” అన్నాడు కొడుకు.

“కుదరదండి.” ఆ అమ్మాయి గోడ మీది కాగితం చూపించింది. “చట్టంలో మొదటి వాక్యం. ‘ప్రతి మనిషికీ ఆమె పేరు మీద ఒక కార్డు.’”

“ఆమె ఏమిటి? మగాళ్ళకి లేదా?” ఉలిక్కిపడ్డాడు పెద్దాయన.

“మీరూ అందులోనే ఉన్నారు తాతగారూ.”

ఆ వాక్యం ఎన్నిసార్లు చదివినా ఆ అమ్మాయికి ఒళ్ళు జలదరిస్తుంది. ఒక్క మాటతో దేశాన్నంతా ‘ఆమె’లో కలిపేసిన మహానుభావులెవరో!

గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది.

“ఐదింటికి ఆపరేషన్ల జాబితా పైకి వెళ్ళిపోతుంది. తప్పితే మళ్ళీ మూడు నెలలకే. ఆ గడ్డ మూడు నెలలు ఆగేది కాదని డాక్టరుగారు రాశారు.”

పెద్దావిడ బెంచీ మీద కూర్చుని పమిట సర్దుకుంది.

“భయానికి మతి పోయినట్టుంది, పాపం,” గుసగుసలాడింది కోడలు. “కన్నతల్లి పేరు తెలీదా మీకు?”

“అమ్మంటే అమ్మే! నీకు తెలుసా?”

“అత్తయ్యని పేరెట్టి పిలుస్తానా?”

కొడుకు తండ్రి వైపు తిరిగాడు. “నాన్నా, మీకైనా...”

“మీ అమ్మకి పేరుతో ఏం పనిరా? ‘ఇదిగో’ అంటే పలుకుతుందిగా!”

కొడుకు మేనమామకు ఫోను చేశాడు. “అక్క పేరా? ఉండరా, నోట్లో ఆడుతోంది... బయటికి రావట్లేదు,” అని ఆయన అటునుంచి తంటాలు పడ్డాడు. కొడుకు స్కూలు సర్టిఫికెట్లలో తండ్రి పేరే ఉంది. ఇంటి కాగితాల్లోనూ అంతే.

“పోనీ ఏదో ఒక పేరు పెట్టెయ్యండి మేడం!”

కౌంటరు అమ్మాయి తలెత్తలేదు. “మీ అమ్మగారండీ. పిల్లిపిల్ల కాదు.”

నాలుగూ యాభై అయింది. పెద్దాయన లేచాడు. మోకాళ్ళు పట్టుకుని భార్య ముందు మెల్లగా కూర్చున్నాడు.

“ఇదిగో...” అని ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నలభై ఒక్కేళ్ళ కాపురంలో ఎన్నడూ అడగని మాట అడగడానికి ఆయన గొంతు సర్దుకోవాల్సి వచ్చింది.

“నీ... నీ పేరేంటి?”

 ఆవిడ వంగి ఆయన చెవిలో చెప్పింది.

పెద్దాయన కౌంటరు దగ్గరకు వచ్చి, గుడ్డులా పగిలిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా ఆ పేరు పలికాడు. ఆ అమ్మాయి అక్షరం అక్షరం కొట్టింది. యంత్రం నుంచి వెచ్చటి కార్డు బయటికొచ్చింది. అది చేతులు మారుతూ వెళ్ళింది. ముగ్గురూ పసిబిడ్డను తొలిసారి చూస్తున్నట్టు ఊపిరి బిగబట్టి చూశారు.

“ఇంత బాగుందా నీ పేరు!” అన్నాడు పెద్దాయన.

కౌంటరు అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని వార్డు వైపు నడిపించింది. “పోన్లెండమ్మా, సమయానికి గుర్తొచ్చింది.”

పెద్దావిడ నవ్వింది.

“మరిచిపోయానని ఎవరన్నారు తల్లీ?”