వెనకాల వస్తోంది

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి మాస్టారి గది తాళం పోయింది. తాళమంటే తాళం కాదు, అట్టముక్కలాంటి కార్డు. జేబులు బోర్లించారు, కళ్లజోడు డబ్బా తెరిచి చూశారు, చివరికి రిసెప్షన్ దగ్గరికి వెళ్లి సంగతి చెప్పారు.

బల్ల వెనక అమ్మాయి అప్పుడే డ్యూటీ ఎక్కింది. ఆయన్ని ఎన్నడూ చూడలేదు. కంప్యూటర్లో ఆ గది ఎవరో మేడమ్ పేరు మీద ఉంది. గదులు సర్దే ఆమెకు ఫోన్ చేసి అడిగితే, అక్కడ మేడమ్ ఒక్కరే ఉంటున్నారంది. మంచం పక్కన ఆడవాళ్ల చెప్పులు, బల్లమీద పుస్తకం, పుస్తకంమీద కళ్లజోడు, కుర్చీకి నీలం శాలువా ఉన్నాయట. మగమనిషి జాడ కలికానికైనా లేదట.

నిజమే. మాస్టారు లేస్తూనే తన వైపు దుప్పటి సర్దేస్తారు, తువ్వాలు ఆరబెట్టి మడతపెడతారు, పెట్టె అలమరలో దాచేస్తారు. పరాయి చోట మన గుర్తు మిగలకూడదని భార్య నేర్పిన అలవాటు. గది మాత్రం ఆవిడ పేరునే తీసుకుని, ఆవిడ సామాను ఆయనే తెచ్చి, ఆవిడ పెట్టుకునే తీరులోనే అమర్చారు. ఆవిడ పోయి మూడు నెలలైంది. పోయిందన్న మాట డాక్టరు అన్నాడు, చుట్టాలు అన్నారు, ఇరుగుపొరుగు అన్నారు. మాస్టారు మాత్రం ఇంతవరకూ నోరు విప్పి ఎవరితోనూ అనలేదు.

“మీరెవరో మేడమ్ ఒక్క ముక్క చెబితే చాలు సార్, వెంటనే కార్డు ఇచ్చేస్తాను,” అంది అమ్మాయి. గదికి ఫోన్ కలిపింది. అది మోగి మోగి ఆగిపోయింది. “బయటికెళ్లినట్టున్నారు. వచ్చేదాకా అలా కూర్చోండి.”

“ఆవిడ రాదమ్మా.”

“ఎందుకు రారు?”

ఒక్క వాక్యం చెబితే కార్డు చేతికొస్తుంది. మాస్టారు నోరు తెరిచారు. ముప్పై ఏళ్లు పిల్లలచేత వాక్యాలు చెప్పించిన నోరు అది. అలాగే మూసేశారు.

వెళ్లి సోఫాలో కూర్చున్నారు. ఎదురుగా గోడంత అద్దం, అద్దం అవతల పూలతోట. ఈ హోటల్ ఆవిడ ఎంపిక. ప్రయాణమన్నప్పుడల్లా మాస్టారు ఏదో ఒక లాడ్జి చూసేవారు. కళ్లు మూసుకున్నాక ఏ గదయితే ఏమిటనేవారు. “మరి తెరిచాకో?” అనేది ఆవిడ. “మంచి హోటల్లో మనిషి కనిపించకపోతే వెతుకుతారండీ. మీ లాడ్జిలో మనం మాయమైపోయినా అడిగే నాథుడుండడు.”

ఇంతలో మేనేజరు వచ్చాడు. మేడమ్ ఫోన్ ఎత్తడం లేదు, ఎవరో పెద్దాయన ఆవిడ రాదంటున్నాడు అని విన్నాక అతనికి పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది. మనిషిని పంపి గది తెరిపించాడు. చెప్పులున్నాయి, కళ్లజోడుంది, మేడమ్ లేరు. చెప్పుల్లేకుండా, కళ్లజోడు లేకుండా ఆడమనిషి ఎంత దూరం పోతుంది?

“ఎప్పట్నుంచి కనిపించడం లేదు సార్?”

“నేను లేచి చూసేసరికి పక్కన లేదు,” అన్నారు మాస్టారు. అందులో అబద్ధం లేదు.

హోటల్ మొత్తం కదిలింది. ఈత కొలనులో ఉన్నవాళ్లందర్నీ గట్టుమీదికి రప్పించి, మొహాలు పరీక్షగా చూశారు. వంటాయన కూరగాయల చలిగదిలోకి వెళ్లి “మేడమ్, మేడమ్” అని పిలిచి, తుమ్ముతూ బయటికొచ్చాడు. మైకులో ఆవిడ పేరు అంతస్తంతస్తుకీ వినిపించింది. మూడు నెలల తర్వాత ఆ పేరును పిలుపుగా వింటున్న మాస్టారు లేచి నిలబడ్డారు. ఆవిడ నడక నెమ్మది అని, పూలు కనిపిస్తే అక్కడే ఆగిపోతుందని తోటమాలికి చెప్పి, అతని వెంట తనూ బయల్దేరారు.

ఆ హోటల్లో అతిథి ఏం అడిగినా లేదనకూడదని పనివాళ్లకు గట్టి తాకీదు. అందుకని, చూశారా అని అడిగితే అందరూ చూశామనే అన్నారు. కాఫీ తెచ్చే అతను, పొద్దున సగం తాగి వదిలేశారన్నాడు. రోజూ రెండు కప్పులు తెప్పించుకునేది మాస్టారే. లిఫ్టు దగ్గరి అతను ఇంకో మెట్టు ఎక్కాడు. మేడమ్ నీలం శాలువా కప్పుకుని తోటవైపు వెళ్లారట. శాలువా గదిలో కుర్చీకే ఉందని ఎవరూ అనలేదు. మాస్టారూ అనలేదు.

“నవ్వుతోందా?” అని అడిగారు.

“నవ్వుతూనే ఉన్నారు సార్. ఏదో తొందరున్నట్టు కూడా లేదు.”

“ఉండదు,” అన్నారు మాస్టారు. “తొందరన్నది ఆవిడ ఒంట్లోనే లేదు.”

పొద్దు వాలేసరికి అందరి కాళ్లూ పీక్కుపోయాయి. గోల విని పొద్దుటి డ్యూటీ అతను వచ్చాడు. మాస్టార్ని చూడగానే, ఆ గది సారు ఈయనే కదా అన్నాడు. దిగిన రోజు మేడమ్ గారేరీ అని తను అడిగితే, వెనకాల వస్తోంది అని ఈయనే చెప్పారట.

మేనేజరుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. చేతులు జోడించి క్షమాపణ చెప్పుకున్నాడు. కొత్త కార్డు తెప్పించి, రెండు చేతులతో అందించాడు.

“ఇక వెతకడం ఆపేద్దాం సార్. కొత్త చెప్పులు కొనుక్కుని ఏ బజారులోనో తిరుగుతుంటారు, మేడమే వచ్చేస్తారు. మీరు పైకెళ్లి కాసేపు పడుకోండి.”

మాస్టారు కార్డు తీసుకుని, ఈసారి లోపలి జేబులో భద్రంగా పెట్టుకున్నారు. తోటమాలి వైపు తిరిగారు.

“డాబామీద ఇంకా చూడలేదు,” అన్నారు.